ఉచిత బస్సుకు ముప్పై రూపాయలు

2024 దసరాకు ఊరికి పోయినప్పుడు మా అమ్మ నాకొక లెక్క చెప్పింది. బీపీ గోలీల కోసం మండలంలో ఉన్న దవాఖానకు పోయి రావడానికి బస్సులో పైసా ఖర్చు లేదు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లె వెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు జీరో టికెట్టే కదా. కానీ ఆ బస్సు ఆగే స్టేజీ దాకా ఆటోకు ముప్పై, తిరిగి వచ్చేటప్పుడు ఇంకో ముప్పై. "బస్సు ఫిరీ బిడ్డా, బస్సు కాడికి పోవుడే ఫిరీ లేదు" అని నవ్వింది.

నేను హైదరాబాద్‌లో, ఎల్బీనగర్ దగ్గర ఒక టైల్స్ షాపులో అకౌంట్స్ చూస్తాను. రోజంతా లెక్కలే. అయినా ఈ అరవై రూపాయల లెక్క నా తలకు ఎప్పుడూ తట్టలేదు, ఎందుకంటే నేను ఊరికి పోయిన ప్రతిసారీ మా తమ్ముడు బండి వేసుకుని స్టేజీ దగ్గర నిలబడి ఉండేవాడు.

అమ్మ మాట విని నవ్వేసి ఊరుకునేదాన్నేమో. అదే రోజు తమ్ముడి కూతురు కాలేజీ మానేసిందని తెలిసింది. పదిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల. ఇంటర్ ఫస్టియర్‌లో చేరి నాలుగు నెలలు పోయింది. కాలేజీ నాలుగింటికి వదిలితే స్టేజీకి ఐదుంపావుకు చేరేది. అక్కడ ఆరుగురు నిండితే తప్ప ఆటో కదలదు. చలికాలం మొదలైతే ఆ వేళకు చీకటి పడిపోతుంది. మా మరదలు భయపడి వద్దంది. తమ్ముడు ఏమీ అనలేదు. నేను గట్టిగా అడిగితే, "అక్కా, నువ్వొచ్చి రోజూ తీసుకొస్తావా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మా ఊరు పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టాక నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చింది. ఊరి పేరు, డిపో పేరు రాయడం లేదు. అందులో పనిచేసేవాళ్లతో నాకు తగవు లేదు. ఊరు అనడం కూడా సరికాదు, మాది శివారు. మెయిన్ రోడ్డు మీద పెద్దూరు ఉంటుంది. అక్కడి నుంచి లోపలికి నాలుగు కిలోమీటర్లు వస్తే మేము, ఇంకో రెండు కిలోమీటర్లు పోతే తండా. మా దాకా తారు రోడ్డుంది, కానీ అది మా ముఖం చూసి వేసింది కాదు. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనకు మైదాన ప్రాంతాల్లో 500 జనాభా ఉండాలనేది నిబంధన. మేము ఎప్పుడూ 500 దాటలేదు. తండాకు పోయే రోడ్డు మా ముందు నుంచి పోయింది, అంతే. ఆ తండా 2018 పంచాయతీరాజ్ చట్టంతో గ్రామ పంచాయతీ అయింది. మేము మాత్రం ఇప్పటికీ పెద్దూరు పంచాయతీలో ఒక వార్డు.

ఒకప్పుడు మాకు బస్సు ఉండేది. హాల్టింగ్ బస్సు. రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చి బడి ముందు ఆగేది. డ్రైవరు, కండక్టరు అక్కడే పడుకునేవాళ్లు. ఇంటికొకరు వంతులేసుకుని వాళ్లకు అన్నం పెట్టేవాళ్లం. మా వంతు వచ్చిన రోజు అమ్మ జొన్నరొట్టెలు కొంచెం పలుచగా కొట్టేది. పొద్దున ఐదున్నరకు డ్రైవరు హారన్ మూడుసార్లు కొడితే, మా ఊళ్లో గడియారం లేని ఇళ్లకు అదే గడియారం. 2019 అక్టోబరులో ఆర్టీసీ సమ్మె మొదలై యాభై రోజులు దాటి సాగింది. అది ముగిసి కాస్త కుదుటపడేలోపే 2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. తర్వాత అన్ని రూట్లూ మెల్లగా తిరిగి మొదలయ్యాయి. మాది మొదలవలేదు. ఎందుకు రాలేదని అడిగిన మనిషి కూడా లేడు. బండ్లు కొనుక్కున్నవాళ్లు కొనుక్కున్నారు, పట్నం పోయేవాళ్లు పోయారు.

దసరా నుంచి తిరిగొచ్చాక నాకు తోచిన మొదటి పని జనాభా లెక్క పట్టుకోవడం. బస్సు అడగాలంటే ఎంతమందిమో చెప్పాలి కదా అనుకున్నాను. 2011 సెన్సస్ జిల్లా హ్యాండ్‌బుక్ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. కొత్త జిల్లా పేరుతో వెతికి ఒక సాయంత్రం వృథా చేసుకున్నాక గుర్తొచ్చింది, 2011 నాటికి నాగర్‌కర్నూల్ జిల్లాయే లేదు, మహబూబ్‌నగర్ కింద చూడాలి అని. అందులో విలేజ్ డైరెక్టరీ ఉంటుంది. ప్రతి ఊరికీ ఒక వరుస. బడి, దవాఖాన, పోస్టాఫీసు, బస్సు ఉన్నాయో లేదో రాస్తారు. లేకపోతే ఎంత దూరంలో ఉందో ఒక అక్షరంతో చెబుతారు: ఐదు కిలోమీటర్ల లోపైతే ఎ, ఐదు నుంచి పది అయితే బి, పది దాటితే సి.

మా ఊరి వరుస ఎంత వెతికినా దొరకలేదు. సెన్సస్ లెక్క రెవెన్యూ గ్రామానిది. శివార్లకు, తండాలకు విడిగా వరుస ఉండదు. మేమూ తండా కూడా పెద్దూరులో కలిసిపోయాం. పెద్దూరు వరుసలో బస్సు గడి దగ్గర 'ఉంది' అనే ఉంది. అబద్ధం కాదు, స్టేజీ వాళ్ల ఇళ్ల ముందే ఉంది. ఒకవేళ మాకంటూ ఒక వరుస ఉన్నా అందులో ఎ అని పడేది. ఎ అంటే దగ్గరే అన్నట్టు. నెత్తి మీద యూరియా బస్తా ఉన్నవాడికి నాలుగు కిలోమీటర్లు ఎ నా సి నా అనేది ఆ పుస్తకంలో చెప్పరు.

సరే, మా అంతట మేమే లెక్కేద్దామని రేషన్ కార్డుల ప్రకారం రాయిస్తే 380 దాకా వచ్చింది. తమ్ముడు ఫోన్‌లో నవ్వాడు. "అక్కా, అందులో నువ్వూ ఉన్నావు." నిజమే, అమ్మ కార్డులో నా పేరు చాలా ఏళ్లు తీయించలేదు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే ఒక్క రోజులో చేసినప్పుడు మేమంతా ముందు రోజు రాత్రే డీసీఎం వ్యానులో నిలబడి ఊరికి చేరాం. లెక్కలో లేకపోతే పింఛను పోతుంది, కార్డు పోతుంది అనే భయం. ఆ రోజు మా శివారులో పడుకోవడానికి మంచాలు చాలలేదు. పెళ్లికి కూడా అంతమందిని చూడలేదు. తర్వాతి రోజు సాయంత్రానికి మళ్లీ ముసలివాళ్లు, పిల్లలు, కుక్కలు. 2019 జనవరిలో సర్పంచి ఎన్నికలకు కూడా అంతే, పోటీలో ఉన్నవాళ్లు హైదరాబాద్‌కు కార్లు పంపి మరీ తీసుకుపోయారు. 2024 నవంబరులో ఇంటింటి సర్వేకు వచ్చినవాళ్లకు మాత్రం నేను ఎల్బీనగర్ ఇంట్లోనే వివరాలు చెప్పాను. అంటే పదేళ్లలో నేను ఒక చోటి నుంచి ఇంకో చోటికి కాగితం మీద కూడా మారిపోయాను. పాలమూరు వలస గురించి ఎంత విన్నా, మన పేరు మనమే ఊరి లెక్కలోంచి తీసుకునేటప్పుడు కొంచెం అదోలా ఉంటుంది.

నవంబరు చివర్లో ఒక రోజు సెలవు పెట్టి డిపోకు పోయాను. హైదరాబాద్ పెద్ద బస్టాండు ఎంజీబీఎస్‌లో ఆరింటి బస్సెక్కితే పదిన్నర లోపే చేరాను. డిపో మేనేజరు, అంటే డీఎం గారు మీటింగులో ఉన్నారన్నారు. మూడు గంటలు కూర్చున్నాను. కంట్రోలర్ ఒకాయన, రిటైర్మెంటుకు దగ్గరున్న మనిషి, టీ తెప్పించి కబుర్లు మొదలుపెట్టారు. బస్సు నంబరులో జెడ్ అక్షరం ఎందుకుంటుందో తెలుసా అని అడిగారు. నిజాం తన తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టించాడని చెబుతారట. 1932లో నిజాం ప్రభుత్వం బస్సులు మొదలుపెట్టినప్పుడు ఉన్నవి 27 అట. "27 బస్సులప్పుడు మీ ఊరికి రాలేదంటే అర్థముంది, ఇప్పుడు రాకపోతే ఎట్ల?" అని ఆయనే అన్నారు, గొంతు తగ్గించి.

డీఎం గారు మర్యాదగానే మాట్లాడారు. నా అర్జీ చదివి, "380 జనాభా" అన్న మాట కింద పెన్నుతో గీత గీశారు.

"అమ్మా, జనాభా నాకెందుకు? ఎంతమంది ఎక్కుతారో చెప్పండి."

తర్వాత పావుగంట ఆయన చెప్పింది నాకు బాగా పనికొచ్చింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మా కోసం కొత్త బస్సు వేయడం కుదరదు. మెయిన్ రోడ్డు మీద పోయే బస్సునే లోపలికి తిప్పాలి. తండా దాకా ఆరు కిలోమీటర్లు లోపలికి, ఆరు బయటికి. పొద్దున, సాయంత్రం కలిపి రోజుకు 24 కిలోమీటర్లు. డ్రైవరు డ్యూటీ గంటలు పెరగవు కాబట్టి ఆ కిలోమీటర్లు ఇంకెక్కడో తగ్గాలి. ప్రతి కిలోమీటరుకు ఎంత రాబడి వచ్చిందో, వాళ్ల భాషలో ఈపీకే, అది పడిపోతే పై నుంచి అడిగేది ఆయన్నే. జీరో టికెట్టు కూడా లెక్కలోకి వస్తుంది, ఆ డబ్బు ప్రభుత్వం కట్టాలి కాబట్టి. అందుకే ఆడవాళ్లు ఎందరో విడిగా రాయమన్నారు.

"మీ ఒక్క ఊరి కోసమైతే కాదు. తండాతో కలిపి లెక్క తీసుకురండి" అని లేచారు.

నిజం చెప్పాలంటే, అప్పటిదాకా నా అర్జీలో తండా మాటే లేదు. మా రోడ్డు వాళ్ల పుణ్యమని తెలిసి కూడా.

సంక్రాంతికి ఊరికి పోయి మా మేనకోడలికి ఒక రిజిస్టర్ కొనిచ్చాను. తండా దారీ మా దారీ కలిసేచోట వేపచెట్టు ఉంది. పండగ రద్దీ పోయాక సోమవారం ఒకరోజు, అంగడి జరిగే బుధవారం ఒకరోజు, ఆదివారం ఒకరోజు పొద్దున ఐదున్నర నుంచి పదకొండింటి దాకా అక్కడ కూర్చుని రాయాలి. గంట, ఆడ మగ, ఎక్కడికి, దేని మీద. తండా నుంచి ఇద్దరు ఇంటర్ పిల్లలు తోడొచ్చారు. మొదటి రోజు జనం వీళ్లను చూసి ఏదో కొత్త పథకం వచ్చిందనుకుని పేర్లు రాసుకోమని వెంటపడ్డారట. ఒక ముసలావిడ ఆధార్ జిరాక్స్ కూడా ఇచ్చి పోయింది.

సోమవారం 71 మంది, అంగడి రోజు 118, ఆదివారం 29. నాకు గాలిలో తేలినట్టయింది. ఎక్సెల్‌లో రంగులు వేసి మరీ డిపోకు పట్టుకుపోయాను.

డీఎం గారు ఒక నిమిషం చూసి, "బండి మీద పోయినోళ్లను ఎందుకు రాశారు? బండి ఉన్నోడు బస్సెక్కడమ్మా" అన్నారు. బండ్లు తీసేశారు. తొమ్మిదిన్నర తర్వాత పోయినవాళ్లను తీసేశారు, బస్సు పొద్దున ఒకే ట్రిప్పు కదా. మండలం వైపు కాకుండా ఇంకో వైపు పోయేవాళ్లను తీసేశారు. 71 కాస్తా 38 అయింది. అందులో 26 మంది ఆడవాళ్లు. నా ముఖం చూసి, "38 తక్కువేం కాదు" అన్నారు. ఆ మాట కోసమే నేను మూడు నెలలు తిరిగానేమో. ఇలాంటి లెక్క ఎవరైనా వేయదలుచుకుంటే మొదట్నించీ ఆటో ఎక్కేవాళ్లను, నడిచేవాళ్లను మాత్రమే రాయండి. పెద్ద అంకె చూపిస్తే మనం చెప్పే మిగతా మాటలూ నమ్మరు.

మధ్యలో రెండు కాగితాల పనులు కూడా చేశాను. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో ఒక అర్జీ. దానికి నంబరుతో రసీదు ఇస్తారు, అర్జీ డిపోకే పోతుంది, కానీ పై నుంచి వచ్చిన కాగితం కాబట్టి జవాబు రాయక తప్పదు. రెండోది సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు: ఈ రూట్లో హాల్టింగ్ బస్సు ఎప్పటి నుంచి ఎప్పటిదాకా నడిచింది, ఎందుకు ఆపారు అని. ముప్పై రోజుల గడువు లోపలే జవాబు వచ్చింది, మూడు వరుసలు. నడిచిన మాట నిజమని, 2020 తర్వాత తిరిగి ప్రారంభించలేదని. 'రద్దు' అన్న పదం అందులో లేదు. అంటే మేము అడుగుతున్నది కొత్త బస్సు కాదు, ఆగిపోయిన బస్సు. తర్వాతి అర్జీల్లో అన్నిటా 'పునరుద్ధరణ' అనే రాశాను. కొత్తది అడిగితే ఇవ్వాలా వద్దా అనే ప్రశ్న వస్తుంది, పాతది అడిగితే ఎందుకు ఆపారనే ప్రశ్న వస్తుంది.

మార్చిలో రూట్ సర్వేకు వచ్చారు. ఆ రోజు నేను లేను, తమ్ముడు వీడియో కాల్‌లో చూపించాడు. దాదాపు 11 మీటర్ల పొడవుండే బస్సు ఎక్కడ తిరుగుతుంది అన్నది మొదటి ప్రశ్న. కల్వర్టు పక్కగోడ ఒకవైపు విరిగిపోయింది. తుమ్మకొమ్మలు రోడ్డు మీదికి వంగాయి. మా శివారు మలుపులో కరెంటు తీగ చేతికందేంత కిందికి వేలాడుతోంది. ఇవన్నీ సరిచేసినట్టు పంచాయతీ నుంచి ఉత్తరం కావాలన్నారు. ఏ పంచాయతీ? రోడ్డు సగం పెద్దూరుది, సగం తండాది. పైగా 2024 ఫిబ్రవరిలోనే సర్పంచుల పదవీకాలం అయిపోయి అప్పుడు ప్రత్యేకాధికారుల పాలన నడుస్తుండేది. సంతకం పెట్టాల్సిన అధికారికి మాదే కాదు, ఇంకా చాలా పనులుండేవి. ఉత్తరానికి ఆరు వారాలు పట్టింది.

కొమ్మలు మాత్రం ఒక్క పూటలో అయిపోయాయి. తండావాళ్లు గొడ్డళ్లు పట్టుకుని వచ్చి మా వైపు కొమ్మలు కూడా కొట్టేశారు. బస్సు తిరగడానికి సేవాలాల్ గుడి ముందున్న జాగా ఇస్తామన్నారు. అక్కడ వాళ్లు మక్కలు ఆరబోసుకుంటారు. ఆ సీజన్‌లో ఎక్కడ పోసుకుంటారని అడిగితే తండా పెద్దాయన, "బస్సు ఒచ్చేముందు ఎత్తుకుంటం, పోయినంక మళ్ల పోసుకుంటం" అన్నాడట. మా శివారులో కరెంటు తీగ పైకి లాగించడానికి మాత్రం చందాలు వేసుకోవాల్సి వచ్చింది. ఇక్కడ హైదరాబాద్‌లో ఉన్న మావాళ్ల దగ్గర నేను వసూలు చేశాను. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గా ఉన్న మా చిన్నాయన ఐదు వందలు ఇచ్చాడు. ఆయన కొడుకుకు ఊళ్లో రెండు ఆటోలున్నాయి, వాడు మాత్రం నాతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడడు. వాడి బాధ వాడిది. కిస్తీలు కట్టాలి. ఆ సంగతి నాకు ముందే తట్టి ఉండాల్సింది.

2025 జూన్‌లో, కాలేజీలు తెరిచిన రెండో వారంలో బస్సు వచ్చింది. ముందు నెల రోజులు ట్రయల్ అన్నారు. పొద్దున ఏడూ నలభైకి తండా నుంచి బయల్దేరుతుంది, సాయంత్రం ఐదున్నరకు తిరిగొస్తుంది. ఆదివారం రాదు. రాత్రి హాల్టింగ్ లేదు. మొదటి రోజు ఎవరో కొబ్బరికాయ కొట్టారు, నిమ్మకాయలు చక్రాల కింద పెట్టారు. కండక్టరమ్మ కూడా దిగి ఫొటోలో నిలబడింది. మేనకోడలు మళ్లీ ఫస్టియర్‌లోనే చేరింది. సంవత్సరం పోయింది. దాని గురించి ఎవరమూ మాట్లాడం.

ట్రయల్ అయిపోయాక కూడా బస్సు నడుస్తోంది. సోమవారాలు నిండుతుంది, గురువారాలు సగం ఖాళీ. మేనకోడలు ఇప్పటికీ రోజూ ఎక్కినవాళ్లను లెక్కపెట్టి రాత్రి నాకు మెసేజ్ పెడుతుంది. "అత్తా, ఈరోజు 41." "అత్తా, వర్షం, 22 మందే." డీఎం గారు బదిలీ అయ్యారని విన్నాను. కొత్తాయనకు చూపించడానికి రిజిస్టర్ ఉండాలి కదా అంటుంది.

ఆషాఢం బోనాలు అయ్యాక ఒక శనివారం ఊరికి పోయాను. తమ్ముడికి చెప్పకుండా మండలంలో దిగి సాయంత్రం బస్సు కోసం నిలబడ్డాను. కిటకిటలాడుతోంది. పెద్దూరు ఆవిడ ఒకామె కొంచెం జరిగి నాకు సీటిచ్చింది. ఇంటికెన్నింటికి చేరతారని మాటవరసకు అడిగాను.

"ఏం చేరుడు? ఇంతకుముందు సక్కగ పోయేది. ఇప్పుడు ముందుగాల తండకు పోవాలె, మళ్ల ఎనక్కి రావాలె. అరగంట గీ బండిలనే పాయె. ఎవరో పట్నంల ఉండే ఆమె అర్జీ పెట్టిందంట."

ఆమె మండలం నుంచి వచ్చే దారిలో అడ్డరోడ్డు దాటాక ఉండే వాడ మనిషి. అరగంట నిజమే. కండక్టరమ్మ వచ్చి ఆధార్ అడిగింది. చూపించాను. ఎక్కడికి అంటే మా శివారు పేరు చెప్పాను. పక్కావిడ ఒకసారి నా వైపు తిరిగి చూసింది. బస్సు అడ్డరోడ్డు దగ్గర వేగం తగ్గించి ఎడమకు తిరిగింది. నేను జీరో టికెట్టు మడిచి పర్సులో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.